బ్యాచ్‌తో కంబోడియా వెళ్తే తూల్ స్లెంగ్, చ్యూంగ్ ఎక్ ఎలా చూడాలి

బెంగళూరులో మన తెలుగు బ్యాచుల బ్యాక్‌ప్యాకింగ్ లిస్టులో థాయిలాండ్, వియత్నాం, బాలీ అయిపోయాక కంబోడియా వస్తుంది. అంకోర్ వాట్ కోసం టికెట్లు వెతుకుతుంటే మారతహళ్ళి ఫ్లాట్‌లో ఎవరో ఒకరు "కిల్లింగ్ ఫీల్డ్స్ కూడా వేసేద్దాం మామా" అంటారు. మిగతావాళ్ళు ఫోన్‌లోంచి తలెత్తకుండానే "సరే" అనేస్తారు. ప్లాన్‌లో ఒక లైను పడిపోతుంది: రెండో రోజు పొద్దున తూల్ స్లెంగ్ జైలు, మధ్యాహ్నం చ్యూంగ్ ఎక్ కిల్లింగ్ ఫీల్డ్స్, సాయంత్రం రూఫ్‌టాప్ బార్.

ఆ లైను అలా వేయకండి. స్నేహితులు వెంట ఉంటే ప్రయాణం తేలిక, ఖర్చు తక్కువ, ధైర్యం ఎక్కువ. కానీ 1970ల్లో ఖ్మేర్ రూజ్ పాలకులు వేల మందిని హింసించి చంపిన ఇలాంటి చోటుకు వెళ్ళినప్పుడు ఆ స్నేహితులే అడ్డమవుతారు. ఒకడు గబగబా చూసేసి గేటు దగ్గర నిలబడి మిస్డ్ కాల్ ఇస్తాడు. ఇంకొకడు ఇబ్బంది దాచుకోవడానికి జోకేస్తాడు. మీకేమో ఒక ఫోటో ముందు ఇంకాసేపు ఆగాలని ఉంటుంది, కానీ గుంపుతో పాటు కాళ్ళు ముందుకు పోతాయి. అందుకే ఈ ట్రిప్‌లో ముఖ్యమైన పని గుంపును ఎక్కడ విడదీయాలి, మళ్ళీ ఎప్పుడు కలపాలి అన్నది ముందే అనుకోవడం.

1. ఎవరు నిజంగా వస్తున్నారో తేల్చుకోండి

వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే తేలదు, అందరూ మెజారిటీ వైపే నొక్కుతారు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి అడగండి. అక్కడ ఏముంటుందో దాచకుండా చెప్పండి: పుర్రెలు, చంపేముందు తీసిన ఫోటోలు, పసిపిల్లల్ని చంపిన చెట్టు. ఈ మధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళే ముందు "నేను రాను" అనగలిగేలా అడగాలి. రానివాళ్ళకు అదే పూట రాజధాని ఫ్నామ్ పెన్‌లో చూడటానికి చాలా ఉంది: ఎర్ర రంగు నేషనల్ మ్యూజియం, పసుపు గుమ్మటం ఉన్న సెంట్రల్ మార్కెట్, నది ఒడ్డు. రానివాణ్ణి ట్రిప్ అంతా "భయపడ్డావు కదరా" అని ఏడిపించకూడదన్న రూల్ బెంగళూరులోనే పెట్టేసుకోండి.

నలుగురైతే మంచిది. ఒక టుక్‌టుక్‌లో సరిపోతారు.

2. ఒక ఆదివారం విదురాశ్వత్థం వెళ్ళి రండి

విదేశం వెళ్ళేముందు మీ బ్యాచ్ ఇలాంటి చోట ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి బెంగళూరుకు దగ్గర్లోనే ఒక ఊరుంది. గౌరీబిదనూరు దాటగానే, హిందూపురం వెళ్ళే దారిలో విదురాశ్వత్థం. 1938 ఏప్రిల్ 25న అక్కడ కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి గుమిగూడిన జనం మీద మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. ముప్పై మందికి పైగా చనిపోయారని చెబుతారు. దక్షిణ భారత జలియన్‌వాలా బాగ్ అని దానికి పేరు. స్మారక స్తూపం ఉంది, వీరసౌధలో ఫోటోల గ్యాలరీ ఉంది. చుట్టుపక్కల తెలుగు బాగా నడుస్తుంది కాబట్టి ఊళ్ళోవాళ్ళతో మాట్లాడటానికి ఇబ్బంది లేదు.

అక్కడి తమాషా ఏమిటంటే పక్కనే గుడి, గుడి ఆవరణలో వేల నాగశిలలు. సంతానం కోసం నాగప్రతిష్ఠ చేయించుకునేవాళ్ళు, పసుపు కుంకుమలు, ప్రసాదాలు, పిల్లల కేకలు, అన్నీ కాల్పులు జరిగిన చోటికి నాలుగడుగుల దూరంలోనే. చాలా బ్యాచులు గుడి చూసి, ఫోటో దిగి, స్తూపం వైపు ఒక చూపు చూసి కారెక్కేస్తాయి. మీరు మాత్రం ఒక చిన్న పని చేయండి. గ్యాలరీ గుమ్మం దగ్గర విడిపోండి, ముప్పావు గంట తర్వాత బయట కలుసుకోండి. ఎవరు పది నిమిషాల్లో వచ్చేశారు, ఎవరు లోపలే ఉండిపోయారు, ఎవరికి మాట్లాడాలనుంది, ఎవరికి లేదు అన్నది ఆ ఒక్క పూటలో తెలిసిపోతుంది. తిరుగు దారిలో గౌరీబిదనూరులో టీ తాగుతూ ఫ్నామ్ పెన్ ప్లాన్ మళ్ళీ రాసుకోండి. నేనైతే ఈ మెట్టు వదలొద్దంటాను. ఖర్చు రైలు టికెట్టూ టిఫినూ అంతే.

3. ఒక గంట చరిత్ర చదవండి

ఏమీ తెలియకుండా వెళ్తే అక్కడ కనిపించేవి ఎముకలు మాత్రమే. కనీసం ఇంత తెలిసి ఉండాలి.

పక్కనే వియత్నాం యుద్ధం నడుస్తుండగా 1969 నుంచి 1973 దాకా అమెరికా కంబోడియా పల్లెల మీద బాంబులు కురిపించింది. 1970లో దేశాధినేత సిహానౌక్‌ను దించేసి జనరల్ లాన్ నాల్ గద్దెనెక్కాడు. ఆ కల్లోలంలో అడవుల్లోని కమ్యూనిస్టు సేన ఖ్మేర్ రూజ్ బలపడింది. 1975 ఏప్రిల్ 17న వాళ్ళు ఫ్నామ్ పెన్‌లోకి వచ్చినప్పుడు యుద్ధం అయిపోయిందని జనం రోడ్ల మీదికొచ్చి చేతులూపారు. కొన్ని గంటల్లోనే, అమెరికా బాంబులేస్తుంది, రెండు మూడు రోజుల్లో తిరిగి రావచ్చని చెప్పి ఊరు ఖాళీ చేయించారు. ఆసుపత్రి మంచాల మీదున్న రోగుల్ని కూడా వదల్లేదు. దాదాపు 20 లక్షల మందిని పల్లెలకు నడిపించారు. డబ్బు రద్దు, బడి రద్దు, బజారు రద్దు, బౌద్ధ విహారాలు మూత. చదువుకున్నవాడైతే శత్రువు. కళ్ళజోడు ఉన్నా అనుమానమే.

ఇది 1979 జనవరి 7న వియత్నాం సైన్యం ఫ్నామ్ పెన్‌ను పట్టుకునేదాకా సాగింది. ఆకలి, రోగం, వెట్టి చాకిరీ, హత్యలు అన్నీ కలిపి 15 నుంచి 20 లక్షల మంది పోయారని అంచనా. అంటే నలుగురిలో ఒకరు. ఖ్మేర్ రూజ్ నాయకుడు పోల్ పాట్ 1998లో ఏ అంతర్జాతీయ కోర్టు ముందూ నిలబడకుండానే చచ్చాడు. ఐక్యరాజ్య సమితి సాయంతో పెట్టిన ప్రత్యేక కోర్టు తూల్ స్లెంగ్ జైలు అధిపతి డూక్‌ను 2010లో దోషిగా తేల్చింది, తర్వాత అప్పీలులో యావజ్జీవం వేసింది. డూక్ అంతకుముందు లెక్కల మాస్టారు. 2020లో జైలు శిక్షలో ఉండగానే పోయాడు.

బ్యాచ్‌లో ఎవరూ చదవరని మీకు తెలుసు. కాబట్టి చదివిన ఒక్కరు విమానాశ్రయానికి వెళ్ళే క్యాబ్‌లో మిగతావాళ్ళకు చెప్పేయండి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చరిత్రంతా పూర్తవుతుంది.

4. దారి, వీసా, డబ్బు

బెంగళూరు నుంచి సాధారణంగా సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లలో ఎక్కడో ఒక చోట విమానం మారాలి. వియత్నాం కూడా చూడాలనుంటే హో చి మిన్ సిటీలో దిగి, మోక్ బాయ్, బావెట్ సరిహద్దు మీదుగా బస్సులో ఫ్నామ్ పెన్ రావచ్చు. ఆరేడు గంటలు పడుతుంది. వియత్నాం ఈ-వీసా ఫారంలో ఎక్కడ దిగుతారో, ఎక్కడి నుంచి బయటికెళ్తారో రాయాలి. అక్కడ మోక్ బాయ్ అని సరిగ్గా ఎంచుకోండి. బ్యాంకాక్ నుంచి బస్సులో వెళ్ళొచ్చని పాత వీడియోలు చెప్తాయి కానీ, 2025 జులైలో రెండు దేశాల సైన్యాలు కాల్పుల దాకా వెళ్ళాయి, సరిహద్దు దారులు మూతపడ్డాయి. ఆ దారి నమ్ముకుని ప్లాన్ వేయకండి.

కంబోడియా ఈ-వీసా మన వాళ్ళకు తేలిక. టూరిస్టు వీసా మీద 30 రోజులు ఉండవచ్చు, ఫీజు 30 డాలర్లు. అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే దళారీ సైట్లు బోలెడు. అసలు సైటు చిరునామా చివర డాట్ గవ్ డాట్ కేహెచ్ ఉంటుంది. చేరడానికి ముందు వారం రోజుల్లోపు ఈ-అరైవల్ ఫారం కూడా ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. దీనికే ఎవరో ఒకరు ఎప్పుడూ టెన్షన్ పడుతుంటారు.

అక్కడ డాలర్లు నడుస్తాయి, చిల్లర రియల్‌లో ఇస్తారు. డాలరుకు సుమారు 4 వేల రియల్. ఎంజీ రోడ్డులో డాలర్లు కొనేటప్పుడు చిన్న నోట్లు అడగండి. చినిగినవి, గీతలు పడ్డవి వెనక్కిచ్చేయండి, అక్కడ ఎవరూ తీసుకోరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. ఏప్రిల్‌లో ఎండ మాడ్చేస్తుంది, పైగా నెల మధ్యలో వాళ్ళ కొత్త సంవత్సరానికి దుకాణాలు మూసేసి జనమంతా ఊళ్ళకు పోతారు.

శాకాహారులు ఉంటే కందిపొడి, పులిహోర పేస్టు, అటుకులు పెట్టుకోండి. అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది.

5. రెండు చోట్లకూ రెండు పూటలు ఇవ్వండి

రెండూ ఒకే రోజు చూపిస్తామని హాస్టళ్ళన్నీ ప్యాకేజీలు అమ్ముతాయి. టైము లేనివాళ్ళకు తప్పదు. మీకు టైముంటే ఒక రోజు పొద్దున తూల్ స్లెంగ్, మర్నాడు పొద్దున చ్యూంగ్ ఎక్ పెట్టుకోండి. ఇదే వరస ఎందుకంటే అప్పట్లో ఖైదీలను తూల్ స్లెంగ్‌లో చిత్రహింసలు పెట్టి, రాత్రిపూట లారీల్లో చ్యూంగ్ ఎక్‌కు తీసుకెళ్ళి చంపేవారు. మీరూ ఆ వరసలో వెళ్తేనే రెండో చోటు అర్థమవుతుంది. రెండింటికీ 2025లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది, ఎం-13 అనే అంతకుముందరి ఖ్మేర్ రూజ్ జైలుతో కలిపి.

మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. టిఫిన్ తేలిగ్గా తినండి. ముందు రాత్రి పార్టీ వద్దు.

6. తూల్ స్లెంగ్ లోపల

ఇది ఊరి మధ్యలో ఉంది, ఒకప్పుడు హైస్కూలు. ఖ్మేర్ రూజ్ దానికి ఎస్-21 అని పేరు పెట్టి జైలుగా మార్చింది. కనీసం 12 వేల మంది, కొన్ని లెక్కల్లో 18 వేల మంది దాకా లోపలికి వెళ్ళారు. ప్రాణాలతో బయటపడినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. చుమ్ మేయ్ టైపు మిషన్లు, కుట్టు మిషన్లు బాగుచేయగలడు కాబట్టి మిగిలాడు. వాన్ నాథ్ పోల్ పాట్ బొమ్మలు గీయగలడు కాబట్టి మిగిలాడు.

టికెట్టు 5 డాలర్లు, ఆడియో గైడుకు ఇంకో 5. రేట్లు మారుతుంటాయి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు, ప్రతి ఒక్కరూ సొంత ఆడియో గైడు తీసుకోవాలి. ఒక ఇయర్‌ఫోన్ ఇద్దరు పంచుకోవడం అస్సలు వద్దు. చెవుల్లో అది ఉంటే పక్కవాడితో మాట్లాడాల్సిన పని ఉండదు, ఎవరి వేగం వాళ్ళది. గేటు దగ్గరే "రెండున్నర గంటల తర్వాత ఆవరణలో చెట్టు కింద" అనుకుని విడిపోండి.

ఎ బ్లాకులో తరగతి గదులే విచారణ గదులు. గళ్ళ టైల్స్ నేల, మధ్యలో ఒక ఇనుప మంచం, దానికి సంకెళ్ళు, పక్కన మలమూత్రాలకు వాడించిన తూటాల పెట్టె. గోడ మీద, వియత్నాం సైనికులు వచ్చినప్పుడు ఆ గదిలో కనిపించిన శవం ఫోటో. చివరి ఘడియల్లో చంపి వదిలేసిన ఆ 14 మందివే ఆవరణలోని తెల్ల సమాధులు. గదిలోంచి బయటికొస్తే దేవగన్నేరు చెట్లు, వెనక బడి కిటికీలు. మనం చదువుకున్న జిల్లా పరిషత్ హైస్కూలు వరండా కూడా ఇలాగే ఉంటుంది. ఇక్కడ చాలామందికి ఊపిరాడదు. కూర్చోండి. బెంచీలు అందుకే ఉన్నాయి.

ఆవరణలో పిల్లలు కసరత్తు చేసిన దూలం ఉంది. తర్వాత దానికే ఖైదీలను తలకిందులుగా వేలాడదీసి, స్పృహ తప్పితే కింద కుండల్లోని మురికినీళ్ళలో ముంచేవారు. బి బ్లాకులో ఖైదీల ఫోటోలు, వరసలు వరసలుగా. తీసుకొచ్చిన రోజే ప్రతి మనిషికీ నంబరు తగిలించి ఫోటో తీసేవారు. అన్నీ చూడాలని పరుగెత్తకండి, ఎలాగూ చూడలేరు. ఏదో ఒక ముఖం మిమ్మల్ని ఆపుతుంది. ఆగండి. సి బ్లాకు వరండాలకు ముళ్ళ తీగ వల కట్టి ఉంటుంది, పై అంతస్తు నుంచి దూకి చనిపోయే అవకాశం కూడా ఇవ్వకూడదని. లోపల మనిషి కాళ్ళు బారజాపుకుంటే నిండిపోయే ఇటుక గూళ్ళు. చివరి బ్లాకులో వాన్ నాథ్ గీసిన చిత్రాలు ఉంటాయి, లోపల ఏం జరిగిందో కళ్ళారా చూసినవాడి చేతివి.

ఫోటోలు తీయకూడని గదుల బయట బోర్డులుంటాయి. నవ్వుతున్న ముఖం మీద గీత కొట్టిన బోర్డు కూడా ఉంటుంది, అంటే నవ్వేవాళ్ళు ఎంతమంది వచ్చుంటారో ఊహించుకోండి. 2016లో పోకెమాన్ గో ఆడుకుంటూ లోపలికొచ్చినవాళ్ళను బయటికి పంపాల్సి వచ్చింది. మీ గ్రూప్ సెల్ఫీకి నది ఒడ్డు ఉంది. ఖైదీల ముఖాలను స్టేటస్‌లో పెట్టకండి. వాళ్ళను తొలిసారి అడగకుండా ఫోటో తీసింది చంపేవాళ్ళే.

7. చ్యూంగ్ ఎక్‌లో

ఊరికి దక్షిణంగా పదిహేను కిలోమీటర్లు. గ్రాబ్ లేదా పాస్‌యాప్‌లో టుక్‌టుక్ పిలవవచ్చు. రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి 15 నుంచి 20 డాలర్లకు ముందే మాట్లాడుకోండి. డ్రైవరు దారిలో రెండు బేరాలు పెట్టవచ్చు. ఒకటి షూటింగ్ రేంజ్: మిషన్ గన్ పేలుస్తారా అని. ఇంకోటి అనాథాశ్రమం. రెండూ వద్దనండి. తుపాకీ ముచ్చట ఆ రోజు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఇక పిల్లలను టూరిస్టులకు చూపించే వ్యాపారం వద్దని అక్కడి పిల్లల సంస్థలే మొత్తుకుంటున్నాయి. డ్రైవరును "మీ ఇంట్లో ఎవరైనా చనిపోయారా" అని అడగకండి. యాభై దాటిన ప్రతి మనిషికీ ఆ రోజుల కథ ఉంటుంది. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి.

టికెట్టు, ఆడియో కలిపి 6 డాలర్ల దాకా. లోపల అడుగుపెడితే పచ్చిక, చెట్లు, కోళ్ళు. తోటలా ఉంటుంది, నిజంగానే ఒకప్పుడు పండ్లతోట, చైనీయుల శ్మశానం. పచ్చికలో లోతు తక్కువ గుంటలు కనిపిస్తాయి. 129 సామూహిక గోతులు గుర్తించారు, 86 తవ్వారు, దాదాపు 9 వేల అవశేషాలు దొరికాయి. మిగతా 43 గోతులను తవ్వకుండా వదిలేశారు. తూటాలు దండగని పార, గునపం, వెదురు కర్రలతో చంపేవారు. అరుపులు వినపడకుండా ఒక చెట్టుకు లౌడ్‌స్పీకర్ కట్టి పాటలు వేసేవారు. ఆడియోలో ఆ పాట, దాని వెనక జనరేటర్ మోత వినిపిస్తారు. గుండె చిక్కబట్టుకోండి.

వానాకాలం వెళ్తే నడిచే దారి మీదే బట్ట పీలికలు, ఎముక ముక్కలు పైకి తేలుతాయి. తొక్కకండి, ముట్టుకోకండి, సిబ్బందికి చూపించండి. పసిపిల్లలను చంపిన చెట్టుకు సందర్శకులు రంగు రంగుల చేతి దారాలు, గాజులు తగిలిస్తారు. బ్యాచ్‌లో ఎవరికైనా అక్కడ ముందుకు పోవడం కష్టమైతే పక్కనే చెరువు చుట్టూ దారి ఉంది, ఆడియోలో బతికి బయటపడ్డవాళ్ళ మాటలు వింటూ ఆ దారిన నడవవచ్చు. స్తూపం చివర్లో చూడండి. 1988లో కట్టారు, అద్దాల వెనక 5 వేలకు పైగా పుర్రెలు. చెప్పులు, టోపీ తీసి లోపలికి వెళ్ళాలి. పూలు, అగరొత్తులు అక్కడే దొరుకుతాయి. ఎలా నిలబడాలన్న అనుమానం అక్కర్లేదు, మన నమస్కారమే వాళ్ళదీ.

8. ఆ సాయంత్రం

ఇప్పుడు గుంపు కావాలి. హాస్టల్లో ఒక్కొక్కరు ఒక్కో బంకెక్కి ఫోన్‌లో మునిగితే ఆ రోజు లోపలే ఉండిపోతుంది. నది ఒడ్డుకు వెళ్ళండి. సాయంత్రాలు అక్కడ ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు లౌడ్‌స్పీకర్ పెట్టుకుని ఏరోబిక్స్ చేస్తుంటారు, చక్కెర తాటి రసం, కాల్చిన మొక్కజొన్న అమ్ముతుంటారు. ఏం చూశారో వరుసగా చెప్పుకోవాల్సిన పనిలేదు. ఒకడు బీరు తాగుతాడు, ఒకడు అమ్మకు ఫోన్ చేస్తాడు, ఒకడు "పడుకుంటా రా" అని వెళ్ళిపోతాడు. ఎవర్నీ పట్టి లాగకండి. నిద్రపట్టనివాడు ఉంటే ఎవరో ఒకరు మెలకువగా ఉండండి.

9. ఆ తర్వాత

మర్నాడు ఏ మ్యూజియమూ పెట్టుకోకండి. హో చి మిన్ సిటీలోని యుద్ధ అవశేషాల మ్యూజియం కూడా మీ లిస్టులో ఉంటే, ఈ రెండింటికీ దానికీ మధ్య కనీసం రెండు మూడు రోజులు ఉంచండి. వియత్నాం యుద్ధంలో అమెరికా చల్లిన విష రసాయనం ఏజెంట్ ఆరెంజ్ బాధితుల ఫోటోలు ఆ వెంటనే చూడటం ఎవరి వల్లా కాదు.

బస్సులో ఐదారు గంటలు పోతే అంకోర్ వాట్ ఉన్న సీయెమ్ రీప్. అంకోర్ పాసు ఒక రోజుకు 37, మూడు రోజులకు 62 డాలర్లు. అక్కడే అపోపో అనే సంస్థ కేంద్రంలో మందుపాతరలను వాసన పట్టే ఎలుకలను చూపిస్తారు. వాటిలో మగావా అనే ఎలుకకు 2020లో బ్రిటన్ జంతు సంస్థ బంగారు పతకం ఇచ్చింది. ఎలుకలంటే చీదరించుకునేవాడు కూడా అక్కడ సెల్ఫీ అడుగుతాడు, అక్కడ మాత్రం తీసుకోవచ్చు. పల్లెల వైపు వెళ్తే కాలిబాట దిగకండి, మందుపాతరలు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఫ్నామ్ పెన్ నుంచి తిరుగు విమానమైతే, 2025 సెప్టెంబరులో తెరిచిన కొత్త టెకో విమానాశ్రయం ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఉందని గుర్తుంచుకుని ముందే బయల్దేరండి. మిగిలిన రియల్ నోట్లు అక్కడే ఖర్చు పెట్టేయండి, బెంగళూరులో ఎవరూ మార్చరు.